నూనెకు చలువపందిరి

వేడి వేడి అన్నం కంచంలో వడ్డిస్తే మీరేం చేస్తారు? ముద్దగా ఉన్నదాన్ని వేళ్ళతో విడదీసి కంచమంతా పరుస్తారు. కాసేపటికే ఆవిరి తగ్గి, మెతుకులు నోట పెట్టుకునేటట్టు అవుతాయి. అదే అన్నం కుండలో ఉంటే గంట గడిచినా వేడిగానే ఉంటుంది. అన్నం ఒకటే, పొయ్యి ఒకటే. మరి తేడా ఎక్కడున్నది? గాలి తగిలే మేరలో ఉన్నది. ఎంత పలచగా పరిస్తే అంత త్వరగా చల్లారుతుంది.

మాది మెదక్ పట్టణం. ఈ పేరు "మెతుకు" అనే మాటనుంచే వచ్చిందని చెబుతారు. పూర్వం ఇక్కడి కోటను మెతుకు దుర్గం అనేవారు. కనుక నేను మెతుకులతో మొదలుపెట్టడం మీకు వింతగా తోచకూడదు. కాని ఇవాళ నేను మీకు చెప్పబోయేది అన్నం సంగతి కాదు. ఒక కారు ఇంజను సంగతి, దానిలో తిరిగే నూనె సంగతి.

ఇంజనులో నూనె ఎందుకు పోస్తారు? "ఇనుప భాగాలు ఒరుసుకోకుండా ఉండటానికి" అని మీలో చాలామంది చెప్పగలరు. నిజమే. కాని అసలు సంగతి అంతకన్న చిత్రమైనది. ఇంజను అడుగు భాగంలో క్రాంకు అనే బలమైన ఇరుసు ఉంటుంది. కారు రోడ్డుమీద పరుగెత్తేటప్పుడు అది నిమిషానికి రెండు మూడు వేలసార్లు తిరుగుతుంది. దాన్ని మోసేవి మెత్తని లోహంతో చేసిన బేరింగులు. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఉండే సందు దాదాపు మన తలవెంట్రుక మందం, ఒక్కొక్కసారి అంతకూడా ఉండదు. పంపు ఆ సందులోకి నూనెను తోస్తూ ఉంటుంది. ఇరుసు జోరుగా తిరిగేటప్పుడు ఆ నూనెపొర దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. అంటే ఇరుసు ఇనుముమీద తిరగటం లేదు. నీటిమీద తెప్ప తేలినట్టు నూనెమీద తేలుతున్నది!

ఆ పొర తెగకుండా ఉన్నంతకాలం లోహం లోహాన్ని తాకదు. ఇంజను లక్ష కిలోమీటర్లు తిరిగినా ఇరుసు పెద్దగా అరగదు. పొర తెగిందా, కొద్ది నిమిషాల్లోనే బేరింగు మాడి ఇరుసును పట్టేస్తుంది. దానినే మెకానిక్కులు "ఇంజను సీజైంది" అంటారు.

ఆ నూనెపొరకు ఇద్దరు శత్రువులున్నారు. ఒకటి మురికి, రెండవది వేడి.

మురికి ఎక్కడినుంచి వస్తుంది? పెట్రోలు మండినప్పుడు పుట్టే మసి, గాలితో వచ్చే దుమ్ము, ఇంజను అరగగా రాలే లోహపు పొడి, అన్నీ నూనెలోనే చేరతాయి. తొలి రోజుల కార్లలో దీనికి మందు లేదు. తరచుగా నూనె మార్చటమే. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్లాండ్ అనే ఆయన కారు నూనెను వడగట్టే సాధనం ఒకటి కనిపెట్టాడు. దానికి ప్యూరొలేటర్ అని పేరు. మన అమ్మలు టీని వడగట్టినట్టే ఫిల్టరు నూనెను వడగడుతుంది. అయితే దాని జల్లెడ ముడతలు ముడతలుగా మడిచిన కాగితం.

వేడి సంగతి చూడండి. బెల్లం పాకం పొయ్యిమీద ఉన్నప్పుడు ధారగా జారుతుంది. చల్లారితే గరిటెను వదలదు. నూనె గుణమూ అంతే. పాత పెట్రోలు కార్లలో వాడే 20డబ్ల్యూ-50 రకం నూనె 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉండే చిక్కదనంలో, 100 డిగ్రీల దగ్గర సుమారు పదోవంతు మాత్రమే ఉంటుంది. ఇంకా కాగితే ఇంకా పలచబడుతుంది. పలచని నూనె ఇరుసు బరువును మోయలేదు. అంతేకాదు, బాగా కాగిన నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి త్వరగా చెడిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా అది చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక లెక్క. చెడిన నూనె నల్లగా, జిగటగా తయారై సన్నని దారులను మూసేస్తుంది.

ఇక మా మామ కారు కథ వినండి.

మా మేనమామకు 1978 నాటి అంబాసిడర్ కారు ఒకటి ఉండేది. అంబాసిడర్ కార్లు 1950ల చివరినుంచి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో తయారయ్యాయి. మామ దాన్ని కిరాయికి నడిపేవాడు. కారు అప్పుచేసి కొన్నదే. ఆ అప్పు వాయిదా, ఇద్దరు పిల్లల చదువు, ఇంటి ఖర్చు, అన్నీ ఆ నాలుగు చక్రాలమీదే నడిచేవి. మెదక్ పట్టణానికి రైలు వచ్చింది 2022లో. నేను చెబుతున్నది 1991 నాటి మాట. రాత్రివేళ ఎవరికైనా ప్రాణంమీదికి వస్తే, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదుకు తీసుకుపోవటానికి మామ తలుపే తట్టేవారు. నర్సాపూర్ అడవిలో అర్ధరాత్రి ఆ కారు ఆగిపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఆ ఏడు శివరాత్రికి మామ ఏడుపాయల జాతరకు రోజంతా జనాన్ని చేరవేశాడు. తీర్థానికి వచ్చిన జనం మధ్య కారు నత్తలా నడవాలి. ఇంజను పనిచేస్తూనే ఉంటుంది, ఎదురుగాలి మాత్రం తగలదు. ఆ సాయంత్రం మామ ఒక సంగతి గమనించాడు. కారులో నూనె ఒత్తిడిని చూపే ముల్లు ఒకటి ఉన్నది. పొద్దున 50 పౌండ్ల దగ్గర నిలిచే ముల్లు, బండి ఆపి ఇంజనును నిదానంగా తిప్పినప్పుడు 10కి పడిపోతున్నది. ఎండలు ముదిరినకొద్దీ ఇది రోజూ జరగసాగింది.

మామ కారును ఉస్తాదు దగ్గరికి తీసుకుపోయాడు. మా వైపు పేరున్న మెకానిక్కును ఉస్తాదు అని పిలవటం వాడుక. అప్పటికే ఊళ్ళోవాళ్ళు తలొక సలహా చెప్పి ఉన్నారు. చిక్కటి నూనె పొయ్యమని ఒకరు, ఇంజను మొత్తం విప్పి బాగుచేయించమని ఒకరు. ఇంజను విప్పితే మామ ఏడాది సంపాదన దానికే సరిపోతుంది.

ఉస్తాదు అంతా విని, "తమ్మీ, బిమారేందో ఎరుక లేకుండ మందు పోస్తమా? ముందుగాల వేడి కొలుద్దాం," అన్నాడు.

ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని మెకానిక్కులు చాంబరంటారు. ఉస్తాదు చాంబరు కింద ఉండే బిరడా చోట వేడిని తెలిపే గేజి ఒకటి బిగించి, దాని ముఖాన్ని స్టీరింగు పక్కన పెట్టాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను. వేసవి సెలవులు. మామ చెప్పిన అంకెలు నోటు పుస్తకంలో రాయటం నా పని. తేదీ, బయటి ఎండ, ఎంతమంది ఎక్కారు, ఎక్కడ ఎంత వేడి, ఒత్తిడి ఎంత. పది రోజులు రాశాను. మధ్యాహ్నపు ఎండలో అయిదుగురితో, సామానుతో పోయినప్పుడు నర్సాపూర్ దగ్గర నూనె వేడి 124 డిగ్రీలు. బాలానగర్ రద్దీలో చిక్కుకుంటే 134.

మామూలుగా నూనె 90కి, 110కి మధ్య ఉంటే ఇంజనుకు హాయి. 130 దాటి గంటల తరబడి కాగటం మంచిది కాదు.

కొలత దొరికింది కదా, వెంటనే కొత్త సామాను కొన్నారనుకుంటున్నారా? లేదు. ఉస్తాదు మొదట ఖర్చులేని పనులు చేశాడు. రేడియేటరు రేకుల మధ్య గడ్డిపరకలు, పురుగులు, దుమ్ము పేరుకుని ఉన్నాయి. వాటిని కడిగాడు. ఫ్యాను బెల్టు వదులైతే బిగించాడు. నిప్పురవ్వ పుట్టవలసిన సమయంకన్న ఆలస్యంగా పుడుతున్నది. దాన్ని సరిచేశాడు. నిప్పురవ్వ ఆలస్యమైతే ఇంజను ఎక్కువగా కాగుతుంది. తరవాత మళ్ళీ అదే దారిలో, అదే ఎండలో కొలిచాము. 134 ఉన్న చోట 127 అయింది. ఏడు డిగ్రీలు తగ్గటం మంచిదే. కాని అది చాలదు.

అప్పుడు ఉస్తాదు రెండు మార్పులు చేద్దామన్నాడు. ఒకటి ఫిల్టరును ఉన్నచోటినుంచి తీసి దూరాన అమర్చటం. దాన్ని రిమోట్ ఫిల్టరంటారు. రెండవది నూనెను చల్లబరిచే ఆయిల్ కూలరు పెట్టటం.

ఫిల్టరును కదిలించటం దేనికని మీరడగవచ్చు. నేనూ అడిగాను. ఆ పాత ఇంజనులో ఫిల్టరు ఇంజను పక్కన ఇరుకు సందులో, బోర్లించని గిన్నెలాగా వేలాడుతుంది. గిన్నె మధ్యగా ఒక పొడవాటి బోల్టు. దాన్ని విప్పితే నల్లని వేడి నూనె మోచేతిదాకా కారుతుంది. గిన్నె అంచున ఉండే రబ్బరు చుట్టు సరిగా కూర్చోకపోతే నూనె ఓడుతుంది. అందుచేత ఎవరికీ ఆ పని చేయబుద్ధి కాదు. ఇవాళ రేపంటూ వాయిదా పడుతుంది. అదే ఫిల్టరు బానెటు ఎత్తగానే చేతికందే చోట నిటారుగా ఉంటే, పది నిమిషాల పని. పాత డబ్బా తిప్పి తీయటం, కొత్తది తిప్పి బిగించటం. చేతికందే పనినే మనిషి సకాలంలో చేస్తాడు. పైగా కొంచెం పెద్ద ఫిల్టరు పెట్టుకోవచ్చు. గొట్టాలలో, ఫిల్టరులో, కూలరులో పట్టే నూనెతో కలిపి ఇంజనులో తిరిగే నూనె కూడా పెరుగుతుంది. నాలుగు లీటర్ల చోట అయిదు లీటర్లుంటే మురికి భారమూ, వేడి భారమూ అంత పలచబడతాయి.

ఇక కూలరు. అది చిన్న రేడియేటరు వంటిది. దాన్ని అర్థం చేసుకోవాలంటే మీరు ఒక్కసారి ఏడుపాయలకు రావాలి. అక్కడ మంజీర నది ఏడు పాయలుగా చీలి, కొంతదూరం పోయి మళ్ళీ ఒకటవుతుంది. కూలరులోనూ అంతే. ఒక లావు గొట్టంలో వచ్చిన నూనె పదమూడు సన్నని పాయలుగా చీలుతుంది. పాయకూ పాయకూ మధ్య పలచని రేకుల జాలీ. కారు పరుగెత్తుతుంటే ఆ జాలీలోనుంచి గాలి దూసుకుపోతూ వేడిని ఎత్తుకుపోతుంది. చల్లబడిన పాయలన్నీ మళ్ళీ కలిసి ఒకే గొట్టంలో ఇంజనుకు చేరతాయి. ముద్ద అన్నాన్ని కంచంలో పరచటం కూడా ఇదే కదా! ఏనుగు తన పెద్ద చెవులలోకి రక్తాన్ని పంపి, చెవులు విసురుతూ ఒళ్ళు చల్లబరచుకునేది కూడా ఈ కిటుకుతోనే.

ఈ ఆలోచన ఉస్తాదు సొంతం కాదు. అంబాసిడర్ ఇంజను బ్రిటనులో పుట్టిన బి-సిరీస్ కుటుంబానికి చెందినది. అదే కుటుంబంలోని కాస్త పెద్ద ఇంజనుతో 1962లో ఎం.జి.బి. అనే వేగపు కారు వచ్చింది. దానికి ఇటువంటి కూలరే పెట్టేవారు. అన్నకు పనికివచ్చింది తమ్ముడికీ పనికివస్తుందని ఉస్తాదు లెక్క.

నూనె నడిచే దారి ఇది: పంపునుంచి ఫిల్టరుకు, ఫిల్టరునుంచి కూలరుకు, కూలరునుంచి తిరిగి ఇంజనులోకి. పాత ఫిల్టరు ఉన్నచోట ఒక లోహపు పలక బిగిస్తారు. దానికి రెండు రంధ్రాలు, ఒకటి నూనె పోవటానికి, ఒకటి రావటానికి. వాటికి ఒత్తిడినీ వేడినీ తట్టుకునే బలమైన రబ్బరు గొట్టాలు తగిలిస్తారు. ఉస్తాదు పోయే గొట్టానికి ఎర్ర దారం, వచ్చే గొట్టానికి తెల్ల దారం కట్టాడు. ఎందుకంటే ఫిల్టరులో నూనె వెనక్కు పోకుండా ఒక రబ్బరు తలుపు ఉంటుంది. గొట్టాలు తారుమారైతే ఆ తలుపు దారిని మూసేస్తుంది. ఇంజనుకు నూనెచుక్క అందదు.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చిపడింది. డబ్బు ఆదా అవుతుందని మామ నగరంలో పాత సామాను అమ్మేచోట ఒక వాడిన కూలరు కొనుక్కొచ్చాడు. చూడటానికి బాగానే ఉన్నది. ఉస్తాదు దానిలో కిరసనాయిలు పోసి, బాగా ఊపి, తెల్లని గుడ్డమీద ఒంపాడు. గుడ్డమీద అభ్రకం పొడిలాగా మెరుపులు! రెండోసారి కడిగినా మెరుపులే. మూడోసారీ అంతే.

"ఇది సీజైన బండిది," అన్నాడు ఉస్తాదు. "ఈ మెరుపంత బేరింగుల పొడి. ఫిల్టరు దాటినంక దీన్ని పెడుతున్నం గదా? ఇంక ఈ పొడికి అడ్డమేది? సీదా మన బేరింగులకే పోతది."

మామ ముఖం వాడిపోయింది. "పెండ్లిండ్ల కాలం ఉస్తాద్! కొత్తది తెప్పియ్యాలంటె ఆరు దినాలు బండి నిలవెట్టాలె. నేనేం తినాలె?"

"ఆరు దినాలు నిలవెట్టకుంటె ఆరు నెలలు నిలవెడ్తవు, తమ్మీ."

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఇంకోసారి కడిగి చూద్దామని ఒకమాట అన్నాడు. ఉస్తాదు వాదించలేదు. ఆక్సా బ్లేడు తీసుకుని ఆ కూలరును నిలువునా కోసి మా ముందు పెట్టాడు. సన్నని పాయల మూలలలో వెండిరంగు బురద గట్టిగా అంటుకుని ఉన్నది. ఎన్నిసార్లు కడిగినా అది ఒక్కసారిగా రాదు. వేడినూనె తగిలినప్పుడు కొంచెం కొంచెంగా కరిగి వస్తుంది. మామ దాన్ని వేలితో తాకి చూసి, రెండు పెండ్లి కిరాయిలు వేరే వాళ్ళకు ఇచ్చివేయటానికి లేచాడు. ఆ నెల మా అత్త తన చీటీ డబ్బుతో ఇల్లు గడిపింది.

పిల్లలూ, ఫిల్టరూ కూలరూ మంచివే. కాని శుభ్రంలేని కూలరు ఏ ఇంజనును కాపాడవలసిందో దాన్నే చంపుతుంది. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి.

కొత్త కూలరు సికింద్రాబాదు రాణిగంజ్‌నుంచి వచ్చింది. ఉస్తాదు దాన్ని రేడియేటరు ముందు, దానికి ఆనకుండా కాస్త ఎడంగా బిగించాడు. ఆనించి పెడితే రేడియేటరుకు గాలి అందదు, నూనె చల్లబడితే నీళ్ళు కాగుతాయి. గొట్టాలు తగిలే మూతులు పైకి ఉండేలా పెట్టాడు. అప్పుడు లోపలి గాలి పైకి వెళ్ళిపోతుంది, ఇంజను ఆపినప్పుడు నూనె జారిపోదు. గొట్టాలు ఎక్కడా పదునైన రేకుకు ఒరుసుకోకుండా, ఒరుసుకునే చోట రబ్బరు తొడుగులు వేశాడు. గొట్టం తెగితే అయిదు లీటర్ల నూనె కొద్ది నిమిషాల్లో రోడ్డుపాలవుతుంది. కొత్తగా చేర్చిన ప్రతి అతుకూ ఓడటానికి ఒక కొత్త చోటే. అందుకే ఉస్తాదు ప్రతి నట్టునూ రెండుసార్లు చూశాడు.

తరవాత కొత్త ఫిల్టరు డబ్బాను సగందాకా నూనెతో నింపి బిగించాడు, చాంబరులోనూ నూనె పోశాడు. ఇక స్టార్టు చేయటమే అనుకున్నాము. కాని ఉస్తాదు నిప్పురవ్వలకు కరెంటు తెచ్చే తీగ ఊడదీశాడు. ఇంజను మండకుండా స్టార్టరుతో మాత్రం తిప్పాలన్నమాట. కొత్త గొట్టాలలో, కూలరులో ఉన్నది ఉత్త గాలి. పంపు ఆ దారంతా నూనెతో నింపేదాకా బేరింగులకు నూనె అందదు. అప్పటిదాకా ఇంజను మండి జోరుగా తిరగకూడదు.

మామ తాళం తిప్పాడు. స్టార్టరు గరగరమన్నది. ముల్లు సున్నా దగ్గరే ఉన్నది. ఆపాడు. కాసేపాగి మళ్ళీ తిప్పాడు. సున్నా. మామ నుదుట చెమట పట్టింది. నాకు ఎర్ర దారం, తెల్ల దారం గుర్తుకువచ్చి గుండె దడదడలాడింది. ఉస్తాదు మాత్రం గొట్టాలను చేత్తో తడిమి, దారాలు చూసుకుని, "మళ్ల తిప్పు," అన్నాడు. మూడోసారి తిప్పేటప్పుడు ముల్లు వణికి, మెల్లగా లేచి, ఇరవై దాటింది. అప్పుడుగాని ఆయన తీగను తగిలించలేదు.

ఇంజను మొదలైంది. ఉస్తాదు ఒక పాత పేపరు కారు కింద పరిచి, పావుగంట సేపు దానివంకే చూశాడు. ఒక్క చుక్క పడలేదు. తరవాత ఇంజను ఆపి, నూనె పుల్ల తీసి చూస్తే మట్టం తగ్గి ఉన్నది. కొత్త దారి నిండటానికి పోయిన నూనె అది. ఇంకో లీటరు దాకా పోశాడు.

మళ్ళీ కొలతలు మొదలు. అదే దారి, అదే మధ్యాహ్నం, అయిదుగురు మనుషులు. "ఏం కోడలా, రాసుకో," అంటూ మామ అంకెలు చెప్పాడు. బాలానగర్ దగ్గర నూనె వేడి 108. బండి నిలిపినప్పుడు ఒత్తిడి 22. నా పుస్తకంలో 134, 127, 108 అనే మూడు అంకెలు ఒకదానికింద ఒకటి నిలిచాయి. ఊళ్ళోవాళ్ళ సలహాలన్నిటికీ ఆ మూడంకెలే జవాబు.

చలికాలం వచ్చింది. ఇప్పుడు నూనె ఇంకా చల్లగా ఉంటుందని నేను సంతోషిస్తుంటే ఉస్తాదు నవ్వాడు. "నూనె ఎంత చల్లగుంటె అంత మంచిదనుకోకు బిడ్డా," అని, కూలరు ముందు ఒక రేకు ముక్క అడ్డం కట్టాడు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. అందులో కొంత నూనెలో చేరుతుంది. నూనె తగినంత కాగితేనే ఆ తేమ ఎగిరిపోతుంది. ఎప్పుడూ చల్లగా ఉండే నూనెలో తేమ నిలిచి, ఇంజను లోపల తుప్పు పడుతుంది. పైగా చల్లని నూనె మరీ చిక్కగా ఉండి ఇరుకు దారులలో త్వరగా నడవదు. ఈ రోజుల్లో మంచి కూలర్లకు థర్మోస్టాటు ఉంటుంది. నూనె చల్లగా ఉన్నంతసేపూ అది కూలరు దారిని దాదాపు మూసి ఉంచి, కాగిన తరవాత తెరుస్తుంది. మా మామ కారుకు ఆ రేకు ముక్కే థర్మోస్టాటు. ఎండలు రాగానే దాన్ని తీసేవాడు.

ఆరేళ్ళ తరవాత, 1997లో, వేరే మరమ్మతు కోసం ఆ ఇంజనును విప్పవలసి వచ్చింది. ఉస్తాదు బేరింగు ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టాడు. బూడిదరంగుగా, నున్నగా ఉన్నది. గోరుతో రాస్తే ఎక్కడా గీత తగలలేదు. ఆ ఆరేళ్ళలో ఎన్నో రాత్రులు ఆ కారు నర్సాపూర్ అడవి దాటింది. ఒక్కసారి కూడా రోగితో నడిదారిలో ఆగలేదు.

ఇది చదివి మీ నాన్నగారి కారుకు రేపే కూలరు పెట్టించమని మారాము చేయకండి! ఇప్పటి కార్లను తయారుచేసేవారే వాటి నూనె వేడిని లెక్కకట్టి ఏర్పాట్లు చేస్తారు. చాలావాటిలో నూనెను రేడియేటరు నీటితోనే చల్లబరిచే చిన్న కూలరు లోపల దాగి ఉంటుంది. సకాలంలో నూనె, ఫిల్టరు మార్పించి, రేడియేటరును శుభ్రంగా ఉంచితే సాధారణమైన కారుకు అది చాలు. కొలవకుండా చేర్చిన సామాను ఖర్చుకూ, కొత్త ఓటికీ దారి. ఇంకొక మాట. మార్చిన పాత నూనెను కాలువలోగాని, మట్టిలోగాని పోయనివ్వకండి. కొద్దిపాటి నూనె కూడా చాలా నీటిని పాడుచేస్తుంది. దాన్ని డబ్బాలో పట్టి, తిరిగి శుద్ధిచేసేవారికి చేరవేయాలి.

కూలరును మీ కళ్ళతో చూడాలనుకుంటే మోటారుసైకిళ్ళను గమనించండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, పల్సర్ 220 వంటి బళ్ళకు ఇంజను ముందు చిన్న జాలీపెట్టె ఉంటుంది. దానికి రెండు గొట్టాలు. అదే ఆయిల్ కూలరు. బండి అప్పుడే ఆగి ఉంటే మాత్రం తాకకండి, చెయ్యి కాలుతుంది.

ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకుని చేయండి. ఒకే గిన్నెలోని వేడినీళ్ళను సమానంగా మూడు భాగాలు చేయించండి. ఒక భాగం లోటాలో, రెండు భాగాలు రెండు వెడల్పాటి పళ్ళాలలో పోయించండి. ఒక పళ్ళాన్ని మాత్రం ఫ్యాను గాలికి పెట్టండి. అయిదు నిమిషాలకు ఒకసారి చొప్పున అరగంట సేపు మూడింటి వేడినీ, వేడినీళ్ళకు పనికివచ్చే థర్మామీటరుతో కొలిచి పుస్తకంలో రాయండి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. ఏది ముందు చల్లారుతుందో మీరు ముందే చెప్పగలరు. కాని ఎన్ని డిగ్రీల తేడా వస్తుందో కొలిస్తేగాని తెలియదు. ఆ అంకెలు మీ పుస్తకంలోకి ఎక్కినప్పుడు, ఉస్తాదు "ముందుగాల కొలుద్దాం" అని ఎందుకన్నాడో మీకే తెలుస్తుంది.